నలుగురిలో మాట పెగలనప్పుడు: సోషల్ యాంగ్జైటీ తగ్గడానికి ఇస్లామీ ఆలోచనతో మెట్టుమెట్టుగా సాధన

"జనంలోకి వెళ్లాలంటే గుండె దడదడ కొట్టుకుంటోంది, ఏ దుఆ (ప్రార్థన) చదవాలి?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. హన్మకొండలో ఇంజినీరింగ్, డిగ్రీ చదివే పిల్లలు, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్ బయల్దేరేవాళ్లు, రిష్తా (పెళ్లి సంబంధం) వాళ్లు చూడడానికి వస్తున్నారంటే ముందురోజు నుంచే అన్నం సయించని అమ్మాయిలు. దుఆ తప్పకుండా చెబుతాను. కానీ దుఆ ఒక్కటే చెప్పి పంపేస్తే మీకు సగం దారే చూపినట్టవుతుంది.

ప్రవక్త మూసా అలైహిస్సలాంను ఈజిప్టు రాజు ఫిరౌన్ దర్బారుకు వెళ్లమన్నప్పుడు ఆయన ఏం చేశారో ఖురాన్‌లో ఉంది. "నా ఛాతీ బిగుసుకుపోతుంది, నా నాలుక సాఫీగా ఆడదు" అని అల్లాహ్‌కు ఉన్నదున్నట్టు చెప్పుకున్నారు (సూరా షుఅరా 26:13). దుఆ చేశారు. తోడుగా తన సోదరుడు హారూన్‌ను ఇమ్మని అడిగారు. ఆ తర్వాత దర్బారులో అడుగుపెట్టారు. భయాన్ని ఒప్పుకోవడం, దుఆ, తోడు, అడుగు. ఈ నాలుగింటిలో చివరిది లేకుండా మిగతా మూడూ చేస్తూ ఏళ్లు గడిపేవాళ్లు మనలో ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో సింహభాగం ఆ అడుగు గురించే.

సాధనకు రెండు మూడు నెలలు పెట్టుకోండి. కావాల్సినవి ఒక చిన్న నోట్‌బుక్, ఒక పెన్ను, నమ్మకమైన మనిషి ఒకరు.

1. హయానా (లజ్జ), భయమా? ముందు తేల్చుకోండి

"మా పాపకు హయా ఎక్కువ, ఎవరితోనూ మాట్లాడదు" అని మన ఇళ్లలో మెచ్చుకోలుగా అంటారు. హయా ఈమాన్‌లో (విశ్వాసంలో) భాగమని హదీస్ (ప్రవక్త మాట) ఉంది, అందులో సందేహం లేదు. ప్రవక్త ముహమ్మద్ (స) పరదా చాటున ఉండే కన్యకంటే ఎక్కువ హయా ఉన్నవారని కూడా బుఖారీ హదీస్ సంకలనంలో ఉంది. అంతటి హయా ఉన్న ఆయనే వేలమంది ముందు నిలబడి ఖుత్బా (ప్రసంగం) ఇచ్చారు, బజారులో జనంతో మాట్లాడారు, పసిపిల్లలకు తానే ముందు సలాం చెప్పారు.

హయా మనల్ని తప్పుడు పని నుంచి ఆపుతుంది. సలాంకు జవాబివ్వడం, క్లాసులో డౌట్ అడగడం, హక్కుగా రావాల్సిన స్కాలర్‌షిప్ ఎందుకు రాలేదని ఆఫీసులో అడగడం లాంటి మంచి పనులకు కూడా అడ్డం పడుతుంటే దాన్ని భయం అనే పిలవాలి.

కింద మీకు వర్తించేవాటికి టిక్ పెట్టండి.

□ ఎవరైనా నన్ను గమనిస్తున్నారంటే చేతులు వణకడం, చెమటలు, ముఖం ఎర్రబడడం, మాట తడబడడం
□ ఫలానా రోజు అందరి ముందు మాట్లాడాలని తెలిస్తే వారం ముందు నుంచే టెన్షన్
□ పెళ్లి, దావత్ (విందు), ప్రెజెంటేషన్, ఇంటర్వ్యూ ఏదో ఒక సాకుతో ఎగ్గొట్టడం
□ మాట్లాడి వచ్చాక గంటల తరబడి "అలా ఎందుకన్నాను" అని నెమరువేసుకోవడం
□ దీనివల్ల చదువు, ఉద్యోగం, స్నేహాలు ఏదో ఒకటి దెబ్బతినడం

మొదట్లో ముడుచుకుని, పది నిమిషాలయ్యాక కలిసిపోయే స్వభావం మీదైతే అది మామూలు సిగ్గు. పై గుర్తుల్లో ఎక్కువ భాగం 6 నెలలుగా ఉండి, జీవితానికి అడ్డం పడుతుంటే అది సోషల్ యాంగ్జైటీ కావచ్చు. ఇది సాధారణంగా టీనేజీలోనే మొదలవుతుంది, చికిత్సకు బాగా లొంగుతుంది.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, వారాల తరబడి గది దాటకపోయినా, భయం అణచుకోవడానికి మందు తాగడం గానీ మాత్రలు మింగడం గానీ మొదలైనా ఈ సాధన పక్కనపెట్టి నేరుగా 9వ భాగానికి వెళ్లండి.

2. మొదటి వారం: రాయండి, ఏదీ మార్చకండి

చాలామంది ఈ వారాన్ని దాటేసి నేరుగా సాధనలోకి దూకుతారు. దాటేయొద్దు. ఏ చోట, ఏ మాటకు, ఎవరి ముందు భయం పుడుతుందో తెలియకుండా దాని మీద పని చేయలేం.

భయం కలిగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఏం జరిగింది, ఏ ఆలోచన వచ్చింది, ఒంట్లో ఏమైంది (భయానికి 0 నుంచి 10 మార్కులు), అప్పుడు నేనేం చేశాను. ఒక పేజీ ఇలా ఉంటుంది:

*జరిగింది:* జుమా (శుక్రవారం నమాజ్) అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర మా గల్లీ చాచా ఆపి "ఏం చదువుతున్నవ్ బేటా?" అన్నారు.
*ఆలోచన:* బ్యాక్‌లాగ్‌లు ఉన్న సంగతి బయటపడుతుంది. అబ్బా పరువు పోతుంది.
*ఒంట్లో:* చెవులు వేడెక్కాయి, గొంతు ఎండిపోయింది. భయం 7.
*చేసింది:* ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకుని వెళ్లిపోయాను.

ఇందులో చివరి గీత మీద కన్నేయండి. భయం వచ్చినప్పుడు తప్పించుకోవడానికి చేసే చిన్నచిన్న పనులే భయాన్ని బతికిస్తాయి. ఫోన్ నటించినందుకు ఆ క్షణం గండం గడిచింది. కానీ చాచాకు జవాబిస్తే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం పోయింది. వచ్చే జుమాకు భయం 7 నుంచి 8 అవుతుంది.

తప్పించుకునే పనులు ఇలా ఉంటాయి. మీవి ఏవో గుర్తించండి.

□ చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో ఫోన్
□ తలుపు పక్కనే కూర్చోవడం, సలాం తిప్పగానే (నమాజ్ ముగియగానే) చెప్పులు వెతుక్కోవడం
□ ప్రతి వాక్యాన్నీ మనసులో రెండు మూడుసార్లు వల్లెవేశాకే నోరు తెరవడం
□ ముఖం కనిపించకుండా సర్జికల్ మాస్క్ తీయకపోవడం
□ వినీవినపడనట్టు గొణగడం
□ అమ్మీనో అక్కనో మాట్లాడమని ముందుకు నెట్టడం

దీన్ (ధర్మం) కోసం వేసుకునే హిజాబ్, నిఖాబ్ ఈ లెక్కలోకి రావు. వాటిని తీసేయమని ఈ సాధన అడగదు.

మన దగ్గర భాష సంగతి కూడా రాసుకోవాలి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కాలేజీలో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీష్. మూడింట్లోనూ కొంచెం కొంచెం తడబడతామనే బాధ చాలామందిలో ఉంది. ఏ భాషలో మాట్లాడేటప్పుడు భయం ఎక్కువో పక్కన రాయండి. ఒక్క ఇంగ్లీష్‌లోనే ఉంటే అందులో కొంత భయం, కొంత సాధన లేకపోవడం. రెండింటికీ మందు వేరు.

3. రెండో వారం: ఆలోచనను నిలబెట్టి అడగండి

"విశ్వాసులారా, అనుమానాలకు ఎక్కువగా దూరంగా ఉండండి, కొన్ని అనుమానాలు పాపాలు" అని సూరా హుజురాత్ (49:12) చెబుతుంది. ఈ ఆయత్‌ను మనం ఇతరుల మీద చాడీలు, ఆరాల విషయంలోనే వింటాం. ఒక్కసారి మీ నోట్‌బుక్ తెరిచి చూడండి. "అందరూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు", "ఆయనకు నేను పనికిరానివాడిగా కనిపించాను". ఇవన్నీ ఎదుటివాళ్ల మనసు మీద మనం చేసిన అనుమానాలే. వాళ్లు నోరు తెరవకముందే తీర్పు రాసేశాం. తోటి మనిషి గురించి మంచిగా అనుకోవడం, అంటే హుస్నె జన్, ఇక్కడ మన మనసుకే ఊరట.

రాసిన ప్రతి ఆలోచననూ మూడు ప్రశ్నలు అడగండి.

□ నేను కళ్లతో చూసిందా, చెవులతో విన్నదా, ఊహించిందా?
□ దీనికి ఇంకో కారణం ఉండొచ్చా? కనీసం రెండు రాయండి.
□ నిజంగానే అలా జరిగితే, అల్లాహ్ సహాయంతో నేను తర్వాత చేయగలిగేది ఏమిటి?

ప్లేస్‌మెంట్ గ్రూప్ డిస్కషన్‌లో ఒకతను ఇంగ్లీష్‌లో తప్పు మాట్లాడాడు, ఎదురుగా ఉన్నమ్మాయి నవ్వింది. అతని ఆలోచన: "నా ఇంగ్లీష్ చూసి నవ్వింది, ఇక నాకు జాబ్ రాదు." చూసిందేమిటి? నవ్వడం. ఊహించిందేమిటి? ఎందుకు నవ్విందన్నది, జాబ్ రాదన్నది. ఇంకో కారణం? ఆమెకూ టెన్షన్ ఉండొచ్చు, పక్కవాళ్లు ఏదో అని ఉండొచ్చు. నిజంగా తప్పుకే నవ్వి ఉంటే? వాక్యాన్ని సరిచేసి చెప్పొచ్చు, తర్వాతి పాయింట్‌తో మళ్లీ మాట్లాడొచ్చు.

ఇప్పుడు పాత ఆలోచన పక్కన కొత్తది రాయాలి. పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. "నేను బ్రహ్మాండంగా మాట్లాడతాను, అందరికీ నేనంటే ఇష్టం" అని రాస్తారు. మీకే నమ్మకం లేని మాట భయం ముందు ఒక్క నిమిషం కూడా నిలవదు. ఇలా రాయండి: "తడబడొచ్చు. తడబడినా మాట పూర్తి చేయగలను. ప్రయత్నం నాది, ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, తవక్కుల్ (అల్లాహ్ మీద భరోసా) ఉంది.

"నా దాసుడు నా గురించి ఎలా భావిస్తాడో నేను అతనికి అలాగే ఉంటాను" అనే హదీసె ఖుద్సీ (అల్లాహ్ మాటగా ప్రవక్త చెప్పింది) బుఖారీ, ముస్లిం అనే హదీస్ సంకలనాలు రెండింటిలోనూ ఉంది. దీన్ని విని కొందరు పిల్లలు ఇంకా భయపడుతున్నారు. "నాకు భయమేసిందంటే అల్లాహ్ మీద నా భావన చెడిందేమో, అందుకే చెడు జరుగుతుందేమో" అంటారు. గుండె కొట్టుకునే వేగం ఈమాన్‌కు కొలత అవదు. భయపడ్డానని మూసా అలైహిస్సలాం అల్లాహ్‌తోనే చెప్పుకున్నారు కదా. కాళ్లు వణుకుతున్నా "ఆయన నన్ను వదిలేయడు" అనుకుని వెళ్లడమే ఆ హదీస్ మీద అమలు.

ప్రతి అనుమానమూ వట్టిదని మాత్రం నేను చెప్పను. పేరు విని, గడ్డం చూసి, యాస విని చులకన చేసేవాళ్లు ఉన్నారు. అలాంటి మాటో చేష్టో నిజంగా జరిగితే దాన్ని 'చూసింది, విన్నది' కిందే రాయండి. అది మీ యాంగ్జైటీ కాదు, వాళ్ల తప్పు. ఇంట్లో చెప్పండి, కాలేజీలో అయితే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఒక్కరు అన్న మాటను తర్వాత కలిసే అందరి నోటా ముందే పెట్టేయకపోతే చాలు.

చివరిగా ఒక పని. 934లో మరణించిన బహుశాస్త్రవేత్త అబూ జైద్ అల్ బల్ఖీ ఒక సలహా ఇచ్చారు: మందులు అవసరం రాకముందే ఇంట్లో ఉంచుకున్నట్టు, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను పోగుచేసి పెట్టుకోవాలని. రాత్రి ఇషా నమాజ్ తర్వాత ప్రశాంతంగా కూర్చుని, మీకు బాగా పనిచేసే మూడు వాక్యాలు చిన్న కాగితం మీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకోండి. గుండె దడ మొదలయ్యాక కొత్తగా ఆలోచించడం ఎవరికైనా కష్టమే.

4. మెట్ల పట్టిక తయారుచేయండి

మీకు భయం కలిగించే సందర్భాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాయాలి. వరంగల్‌లో ఉండే ఒకరి పట్టిక ఇలా ఉండొచ్చు.

1. తెలిసిన కిరాణా కొట్టాయనకు నేనే ముందు సలాం గానీ నమస్తే గానీ చెప్పడం (భయం 2)
2. ఆర్టీసీ బస్సులో "అన్నా, హంటర్ రోడ్డు కాడ ఆగుతదా?" అని కండక్టర్‌ను వినపడేలా అడగడం. అమ్మాయిలైతే ఆధార్ చూపించి "హన్మకొండకు జీరో టికెట్ ఇవ్వండి" అని నోటితో చెప్పడం (3)
3. మండీ బజార్‌లో ఏదైనా ధర అడిగి, నచ్చకపోతే "షుక్రియా భాయ్" చెప్పి కొనకుండా రావడం (4)
4. నమాజ్ అయ్యాక పక్కనున్నవారితో చేయి కలిపి పేరు అడగడం (4)
5. ఇంట్లో అందరూ ఉండగా క్లినిక్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడం (5)
6. క్లాసులో చేయెత్తి ఒక డౌట్ అడగడం (6)
7. దావత్‌లో తెలియనివాళ్లతో దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) పంచుకోవడం (7)
8. ఐదుగురు స్నేహితుల ముందు ఐదు నిమిషాలు మాట్లాడడం (8)
9. మాక్ ఇంటర్వ్యూ (9)
10. అసలు ఇంటర్వ్యూ, లేదా రిష్తా వాళ్లతో కూర్చోవడం (10)

మీ పట్టిక మీ నోట్‌బుక్ నుంచే రావాలి. నలుగురి మధ్య తినడమే ఒకరికి 9, ఇంటర్వ్యూ 5 కావచ్చు. ఆడవాళ్లు మస్జిద్‌కు వెళ్లని చోట నాలుగో మెట్టు బదులు ఇంటి దగ్గర జరిగే దర్స్‌లో (ధర్మ పాఠంలో) పక్కామెతో మాట కలపడం పెట్టుకోవచ్చు.

ఒక్కో మెట్టును వారంలో నాలుగైదుసార్లు చేయండి. మార్కు సగానికి పడేదాకా అదే మెట్టు మీద ఉండండి, ఆ తర్వాతే పైది. నిలకడగా చేసే పని చిన్నదైనా అల్లాహ్‌కు అత్యంత ఇష్టమైనదని బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీస్ ఈ సాధనకు సరిగ్గా సరిపోతుంది. నెలకోసారి ధైర్యం కూడగట్టుకుని పెద్ద సభలో మాట్లాడడం కంటే రోజూ కండక్టర్‌ను వినపడేలా అడగడం మేలు చేస్తుంది.

5. మెట్టు ఎక్కే రోజు

*వెళ్లే ముందు*

వుజూ (నమాజ్‌కు ముందు చేసే శుద్ధి) చేయండి. వీలుంటే రెండు రకాతుల నమాజ్. తర్వాత మూసా అలైహిస్సలాం దుఆ (సూరా తాహా 20:25–28):

"రబ్బిష్రహ్ లీ సద్రీ, వ యస్సిర్ లీ అమ్రీ, వహ్లుల్ ఉఖ్దతమ్ మిల్ లిసానీ, యఫ్ఖహూ ఖౌలీ."

ప్రభూ, నా ఛాతీని విశాలం చేయి, నా పనిని సులువు చేయి, నా నాలుక ముడి విప్పు, నా మాట వాళ్లకు అర్థమయ్యేలా చేయి. అర్థం మనసులో పెట్టుకుని ఒక్కసారి నిదానంగా చదవండి. చదవగానే చెప్పులేసుకోండి. భయం పూర్తిగా పోయేదాకా చదువుతూనే ఉంటానంటే బస్సు పోతుంది. ఈ దుఆలో "వెళ్లకుండా తప్పించు" అన్న మాట ఎక్కడా లేదని గమనించండి.

సిద్ధపడడం కూడా ఇందులో భాగమే. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమని తిర్మిజీ హదీస్. సెమినార్ అయితే పాయింట్లు రాసుకోండి, దావత్ అయితే అడగడానికి రెండు మూడు ప్రశ్నలు అనుకోండి. మాట మాటా బట్టీ పట్టొద్దు. ఒక్క పదం జారితే మొత్తం జారిపోతుంది.

*అక్కడ*

భయపడే మనిషి చూపంతా తన మీదే ఉంటుంది: నా గొంతు ఎలా ఉంది, నా చేయి వణుకుతోందా, నా ముఖం ఎర్రబడిందా. ఆ చూపును బయటకు తిప్పడమే ఇక్కడ నేర్చుకోవాల్సిన విద్య.

దావత్‌నే తీసుకోండి. వలీమాలో (పెళ్లి విందులో) దస్తర్‌ఖాన్ పరిచారు, మీ పళ్లెం దగ్గర ముగ్గురు తెలియనివాళ్లు. కూర్చోగానే సలాం చెప్పండి, వాళ్ల ముఖాల వైపు చూసి. ఫోన్ జేబులోనే ఉండాలి. బిర్యానీ రాగానే గరిటె మీరే అందుకుని ముందు పక్కాయనకు వడ్డించండి. చేయి వణికితే వణకనివ్వండి, రెండు మెతుకులు కింద పడితే పడనివ్వండి. "మీరు పెళ్లికొడుకు తరఫా, పెళ్లికూతురు తరఫా?" అని అడగండి. ఆయన "మేం జగిత్యాల నుంచి వచ్చినం" అంటే ఆ మాటనే పట్టుకోండి: "పొద్దున్నే బయల్దేరారా? బస్సులోనా, బండి మీదనా?" మీరు తెలివిగా మాట్లాడాల్సిన పనే లేదు, ఆయన చెప్పేది శ్రద్ధగా వింటే చాలు. మనసు మళ్లీ "నన్ను చూస్తున్నారు" అనే వైపు జారగానే ఆయన మాట మీదకు తెచ్చుకోండి. ఎన్నిసార్లు జారినా అన్నిసార్లూ తెచ్చుకోండి.

గుండె దడ పెరిగితే ముక్కుతో 4 లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. ఐదారుసార్లు చాలు. ఎవరికీ తెలియదు.

భయం పైకి పోతున్నప్పుడు లేచి వచ్చేయకండి. కాసేపు అక్కడే ఉంటే అది దానంతటదే దిగడం మొదలవుతుంది. ఒకవేళ ఈసారి దిగకపోయినా, భయంతోనే కూర్చుని భోజనం పూర్తి చేయగలరని మీకు తెలుస్తుంది. అదీ లాభమే.

*వచ్చాక*

ఇంటికి రాగానే మనసు రీలు తిప్పడం మొదలుపెడుతుంది. దానికి అవకాశం ఇవ్వకుండా నోట్‌బుక్ తీసి మూడు ముక్కలు రాయండి.

□ జరుగుతుందని భయపడింది ఏమిటి? నిజంగా జరిగింది ఏమిటి?
□ తప్పించుకునే పనుల్లో ఈరోజు ఏది మానేశాను?
□ అల్హమ్దులిల్లాహ్ అనదగ్గది ఒకటి, వివరంగా. "అంతా బాగుంది" అని కాదు, "జగిత్యాల ఆయన వెళ్లేటప్పుడు భుజం తట్టారు" అని.

నోట్‌బుక్ మూసేశాక ఇంకో పనిలో పడండి. రాత్రి మళ్లీ గుర్తొస్తే "రాసేశాను" అనుకోండి.

6. జమాఅత్ (అందరితో కలిసి చేసే) నమాజ్‌ను సాధనగా మలుచుకోవడం

రోజుకు ఐదుసార్లు, అదే చోట, అవే ముఖాలు, ఎవరూ మిమ్మల్ని ఉపన్యాసం ఇవ్వమని అడగరు. భయం ఉన్నవాళ్లకు ఇంతకన్నా నెమ్మదైన చోటు దొరకదు. చివరి సఫ్‌లో (వరుసలో) తలుపు పక్కన నిలబడే అలవాటుంటే వారానికో సఫ్ చొప్పున ముందుకు జరగండి. సలాం తిప్పాక ఐదు నిమిషాలు కూర్చుని తస్బీహ్ పూర్తిచేసి, ఒక్కరితో చేయి కలిపి లేవండి. తర్వాత్తర్వాత ఒక పూట ఇఖామత్ (నమాజ్ మొదలవుతుందని చెప్పే పిలుపు) చెబుతానని ఇమాం సాబ్‌ను అడగొచ్చు.

నమాజ్‌లో మనసు ఎటో పోతే తిరిగి ఖిరాత్ (ఖురాన్ పఠనం) మీదకు తెచ్చుకుంటాం. దస్తర్‌ఖాన్ దగ్గర చేయమన్నది కూడా అదే పని.

వుజూ సరిగా అయిందో లేదో అని మళ్లీ మళ్లీ చేయడం, నియ్యత్ (సంకల్పం) పదేపదే చెప్పుకోవడం మీలో ఉంటే అది వేరే సమస్య కావచ్చు. ఓసీడీ అనే జబ్బు అలా కనిపిస్తుంది. డాక్టర్‌కు చెప్పండి.

7. తోడు: మీ హారూన్ ఎవరు?

అన్నో, అక్కో, స్నేహితుడో ఒకరిని ఎంచుకుని ఈ పట్టిక చూపించండి. వాళ్ల పని పక్కన ఉండడం, మీ బదులు మాట్లాడడం కాదు. ఇంట్లో ముందే ఇలా చెప్పి పెట్టుకోండి: "అమ్మీ, ఖాలా ఫోన్ చేస్తే ఈసారి నాకే ఇవ్వు, నేనే మాట్లాడతా. నేను ఆగిపోయినా నువ్వు అందుకోకు."

ఇంట్లోవాళ్లకు నా మనవి ఒకటే. పిల్లల ముందే బంధువులతో "వీడు నోట్లో నాలుక లేనోడు" అనకండి. "ఈమాన్ తక్కువైంది, నమాజ్ సరిగ్గా చదివితే ఇవన్నీ ఉండవు" అనడం ఇంకా ఎక్కువ గాయం చేస్తుంది. ఐదు పూటలా నమాజ్ చదివేవాళ్లకూ యాంగ్జైటీ వస్తుంది, షుగర్ వచ్చినట్టే.

8. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాటు

*దుఆను చాటుగా వాడుకోవడం.* ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే లోలోపల ఆపకుండా జిక్ర్ (అల్లాహ్ స్మరణ) చేస్తూ వాళ్లు చెప్పేది వినకపోవడం. చూడడానికి ఇబాదత్ (ఆరాధన) లాగే ఉంటుంది, పనిచేసేది ఇయర్‌ఫోన్స్ లాగా. ముందు చదవండి, తర్వాత చదవండి, మధ్యలో మనిషి మాట వినండి.

*ఇస్తిఖారా పేరుతో వాయిదా.* ఇంటర్వ్యూకు వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకోలేక ఇస్తిఖారా (మేలైనదేదో చూపమని అల్లాహ్‌ను అడిగే ప్రార్థన) మీద ఇస్తిఖారా. మనసు ఒప్పుకోలేదనిపించడం తరచూ భయమే అయి ఉంటుంది. పట్టికలో ఉన్న మెట్టును మళ్లీ చర్చకు పెట్టకండి.

*"ఒంటరిగా ఇబాదత్ చేసుకుంటే చాలు" అనుకోవడం.* జనంలో కలిసి, వాళ్లు పెట్టే ఇబ్బందిని ఓర్చుకునే విశ్వాసికి, కలవని విశ్వాసికంటే ఎక్కువ ప్రతిఫలం ఉందని ఇబ్నె మాజాలో హదీస్ ఉంది.

*ఒకేసారి పదో మెట్టు.* బెడిసికొడితే నెల రోజులు బయటకు రారు. రెండు మెట్లు దిగి మళ్లీ మొదలుపెట్టండి. వెనక్కి జారడం ప్రతి సాధనలోనూ ఉంటుంది.

*పదేపదే భరోసా అడగడం.* "బాగానే మాట్లాడానా? నిజంగానా?" అని స్నేహితుణ్ని నాలుగోసారి అడిగితే అది కూడా తప్పించుకునే పనే. ఒక్కసారికి ఆపేయండి.

*మెడికల్ షాపులో దడ తగ్గే మాత్ర అడిగి వేసుకోవడం.* స్నేహితుడు వేసుకున్నాడని ప్రొప్రనొలాల్ లాంటివి కొనుక్కోవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం. నిద్రమాత్రల రకాలు అలవాటు పట్టేస్తాయి.

*తాయెత్తులకు, ఖరీదైన 'ఇలాజ్'లకు వేలు పోయడం.* ఫాతిహా, ఆయతుల్ కుర్సీ, ముఅవ్విజతైన్ (ఖురాన్ చివరి రెండు సూరాలు) మీరే చదువుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. డాక్టర్ దగ్గరకు వెళ్లొద్దు, మందులు ఆపెయ్ అని చెప్పే ఎవరినైనా సరే వదిలేయండి.

9. డాక్టర్ దగ్గరకు ఎప్పుడు, ఎక్కడికి, ఎలా

రెండు మూడు నెలలు నిజాయితీగా చేసినా కింది మెట్లు దాటలేకపోతే, లేదా మొదటి భాగంలో చెప్పిన ప్రమాద సూచనలు ఏవైనా ఉంటే వెళ్లాలి. అల్లాహ్ ఏ జబ్బును దించినా దానికి చికిత్సనూ దించాడని బుఖారీలో ఉంది. చికిత్స చేయించుకోండని ప్రవక్త (స) చెప్పిన మాట తిర్మిజీ, అబూ దావూద్‌లలో ఉంది. సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లడం తవక్కుల్‌కు అడ్డు కాదు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. ఆదిలాబాద్ రిమ్స్, నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ అడగొచ్చు. చికిత్స రెండు రకాలు. ఒకటి సీబీటీ అనే మాటల చికిత్స. సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగ్‌లు, పైన చేసిన పనులే నిపుణుల చేతి కింద ఇంకా పద్ధతిగా సాగుతాయి. రెండోది ఆందోళన తగ్గించే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు. ఇవి పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. పది రోజులకే "గుణం లేదు" అని ఆపకండి, తగ్గాక కూడా డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా మానేయకండి. రంజాన్‌లో ఉపవాసం ఉంటే ఏ మందు ఇఫ్తార్‌కు, ఏది సహరీకి వేసుకోవాలో నెల మొదలుకాకముందే అడిగి రాయించుకోండి.

తీసుకెళ్లాల్సినవి:

□ మీ నోట్‌బుక్. నోరు పెగలకపోతే డాక్టర్‌కు అదే ఇవ్వండి, చదువుకుంటారు.
□ వాడుతున్న మందులు ఉంటే వాటి చీటీలు
□ ఆస్తమా, థైరాయిడ్, గుండె సమస్య ఏదైనా ఉంటే ఆ రిపోర్టులు
□ మీ తోడు

ఆసుపత్రి దాకా వెళ్లే ధైర్యం ఇంకా రాకపోతే ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేయడమే మీ భయమైతే కింది నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని చూసి చదవండి.

"నమస్తే. నాకు నలుగురిలో మాట్లాడాలంటే చాలా భయం, ఫోన్ మాట్లాడాలన్నా భయమే, అందుకే చూసి చదువుతున్నాను. ఇది ... నెలల నుంచి ఉంది. దీనివల్ల కాలేజీకి, ఇంటర్వ్యూలకు వెళ్లలేకపోతున్నాను. మాది ... జిల్లా, దగ్గరలో ఎవరికి చూపించుకోవాలో చెప్పండి."

ఖాళీలు ముందే నింపి పెట్టుకోండి. మధ్యలో గొంతు ఆగిపోతే ఫోన్ పెట్టేయకుండా "ఒక్క నిమిషం" అనండి, గాలి పీల్చుకుని ఆగిన చోటు నుంచే చదవండి. వాళ్లు చెప్పే ఆసుపత్రి పేరు, ఓపీ రోజులు అదే కాగితం వెనక రాసుకోండి.